జమాఖర్చుల పుస్తకం ఇంట్లోనా, మబ్బులోనా?

బి.యస్సీ. చదివేవాడికి జమాఖర్చులతో పనేమిటని కామర్సు మిత్రులు నవ్వుకోవచ్చును. వారి సొత్తు దోచుకోవాలని నాకు లేదు. కానీ ఈ రోజుల్లో లెక్కలు రాయడమనేది సగం కామర్సు, సగం కంప్యూటరు. ఆ రెండో సగంలో మాకూ కొంచెం వాటా ఉన్నది గనుక ఈ సాహసం. పైగా మన కాలేజీలో చదివేవాళ్ళలో చాలామందికి, రేపు ఉద్యోగం దొరికినా దొరక్కపోయినా, ఊళ్ళో అన్నయ్యో బాబాయో నడిపే చిన్న వ్యాపారం నుంచి "చదువుకున్నావు గదరా, ఆ లెక్కలు కాస్త కంప్యూటర్లో పెట్టు" అనే పిలుపు రాక తప్పదు. పెట్టబోయేసరికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది: సాఫ్ట్‌వేరు కొని మన కంప్యూటర్లోనే పెట్టుకోవాలా, లేక నెలకింత అని కట్టి ఇంటర్నెట్ మీద నడిచేది వాడాలా? మొదటిది డెస్క్‌టాప్ పద్ధతి. రెండోది క్లౌడ్ పద్ధతి.

క్లౌడ్ అంటే మబ్బు. ఆ పేరు చూసి మన లెక్కలు ఆకాశంలో ఎక్కడో తేలుతుంటాయని అనుకునేరు! అది శుద్ధంగా నేల మీది వ్యవహారమే. పెద్ద పెద్ద భవనాలు, వాటిలో అల్మారాల నిండా కంప్యూటర్లు, అవి వేడెక్కకుండా చల్లబరిచే యంత్రాలు, కరెంటు పోతే అందుకోవడానికి జనరేటర్లు - ఇంతే. అమెజాన్ కంపెనీ అటువంటి కేంద్రాల సముదాయం ఒకటి 2022 నవంబరులో హైదరాబాదులో ప్రారంభించింది. క్లౌడ్ పద్ధతిలో మన పద్దులన్నీ ఇలాంటి భవనంలో ఉంటాయి. మన చేతిలోని ఫోను, బల్ల మీది కంప్యూటరు కేవలం కిటికీలు. కిటికీ పగిలినా లోపలి వస్తువుకు ఏమీ కాదు. మరో కిటికీ తెరిస్తే సరి.

రైతుబిడ్డలకు ఇంకోలా చెప్తాను. వడ్లు ఇంటి గాదెలో పోసుకుంటాం. కాపలా మనదే, ఎలుకల బాధా మనదే, అద్దె మాత్రం లేదు. మిరపకాయలు గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెడతాం. టిక్కీకి ఇంతని అద్దె కడతాం, చల్లదనం వాళ్ళు చూసుకుంటారు, మనం రసీదు దాచుకుంటాం. డెస్క్‌టాప్ గాదె వంటిది, క్లౌడ్ కోల్డ్ స్టోరేజీ వంటిది. ఒక్కచోట మాత్రం ఈ పోలిక కుదరదు. ఒకే మిరప టిక్కీని గాదెలోనూ స్టోరేజీలోనూ ఒకేసారి ఉంచలేం. లెక్కల పుస్తకాన్ని ఉంచగలం. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మన దేశంలో కంప్యూటరు జమాఖర్చులంటే చాలామందికి మొదట నోటికొచ్చే పేరు ట్యాలీ. దాని పుట్టుక ముచ్చటైనది. మిల్లులకు ముడిసరుకులు, యంత్రాల విడిభాగాలు సరఫరా చేసే శ్యామ్ సుందర్ గోయెంకా గారికి తన లెక్కలు సరిగా రాసే సాఫ్ట్‌వేరు దొరకలేదు. గణితంలో పట్టభద్రుడైన కొడుకు భరత్ గోయెంకాను నువ్వే రాయరాదా అన్నారు. ఆయన రాశారు. 1986లో బెంగుళూరులో కంపెనీ పెట్టారు. (సైన్సు, లెక్కల వాళ్ళం కాస్త కాలరు ఎగరేసుకోవచ్చు. 2020లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది.) నేను చెప్పొచ్చేదేమంటే, అది సరుకు అమ్మేవాడి ఇంట పుట్టిన సాఫ్ట్‌వేరు. ఏ సరుకు ఎంత వచ్చింది, ఎంత పోయింది, గోదాములో నిలవ ఎంత - ఈ పనిలో దానికి మంచి పేరున్నది. ఆడిటరు గారి గుమాస్తాలకు అది కరతలామలకం. తర్వాత తరంలో వచ్చిన క్లౌడ్ సాఫ్ట్‌వేర్లలో మన పక్కనే ఉన్న చెన్నై కంపెనీ జోహో వారి జోహో బుక్స్ ఒకటి. అది 2011లో వచ్చింది.

ఇక అసలు సంగతి. సరుకు అమ్మే వ్యాపారం వేరు, సేవ అమ్మే వ్యాపారం వేరు. టెంటు హౌసు, మోటారు వైండింగు షాపు, బోరు బండి, ట్యూషన్ సెంటరు, వరికోత మిషను - ఇవన్నీ సేవా వ్యాపారాలే. కిరాణా కొట్టువాడు ఇవాళ ఒక సబ్బు లెక్క రాయడం మరిచిపోతే, నెలాఖరున నిలవ చూసుకున్నప్పుడు ఒకటి తగ్గిందని తెలుస్తుంది. సేవ అమ్మేవాడు అమ్మేది గంటలు. గంట బీరువాలో ఉండదు. చేసిన పని రాయడం మరిచిపోతే, తర్వాత వెతుక్కోవడానికి నిలవ అంటూ ఏమీ మిగలదు. అంచేత సేవా వ్యాపారానికి సాఫ్ట్‌వేరు ఎంచేటప్పుడు "ఏది గొప్పది" అని అడగడం కంటే "పని జరిగిన చోట, జరిగిన పూటే పద్దు పడుతుందా" అని అడగడం మంచిదని నా అభిప్రాయం.

మా బాబాయికి రెండు వరికోత మిషన్లున్నాయి, చైను మీద నడిచేవి. బ్యాంకు అప్పు మీద కొన్నవే. మా వైపు కోతలు కార్తీక మార్గశిరాల్లో. అవి అయ్యాక ఏప్రిల్‌లో దాళ్వా కోతలకు మిషన్లు లారీలెక్కి గోదావరి జిల్లాలకు పోతాయి. అంటే బాబాయి ఒకచోట, మిషన్లు రెండుచోట్ల, లెక్కలు రాసే పిన్ని ఇంటి దగ్గర. డ్రైవరు సాయంత్రం ఫోను చేసి "ఫలానా రైతు, మూడున్నర గంటలు" అని చెప్తే పిన్ని నోటు పుస్తకంలో ఎక్కిస్తుంది. చెప్పకపోతే ఎక్కదు. గంటకు 3,000 చొప్పున మూడున్నర గంటలంటే 10,500 రూపాయలు. రైతు 4,000 ఫోన్‌పే చేసి, మిగతాది వడ్లు అమ్ముడుపోయాక ఇస్తానంటాడు. ఆ 6,500 బాకీ. ఇదీ ఒక పద్దు స్వరూపం. సీజన్లో ఇటువంటివి రోజుకి నాలుగైదు.

పోయిన దాళ్వా అయ్యాక నేనూ పిన్నీ కూర్చుని ఒక పరీక్ష చేశాం. ప్రతి మిషనుకూ అవర్ మీటరు ఉంటుంది. ఇంజను తిరిగిన గంటలు అందులో పడతాయి. ఒక మిషను వెళ్ళేటప్పటి అంకెకూ వచ్చేటప్పటి అంకెకూ తేడా 315 గంటలు. పుస్తకంలో రైతుల పేర ఎక్కిన గంటలు 262. తేడా 53. చేను నుంచి చేనుకు నడవడం, లారీ ఎక్కించడం దించడం, ఊరికే ఇంజను తిరగడం - అన్నిటికీ కలిపి ధారాళంగా 30 గంటలు తీసేశాం. ఇంకా 23 గంటలు మిగిలాయి. అంటే 69,000 రూపాయలు. ఎవరూ దొంగిలించలేదు. రాత్రి పొద్దుపోయి అలిసిన డ్రైవరు చెప్పని చీటీలు, చెప్పినా పిన్నికి సరిగా వినపడని పేర్లు. కొన్ని డబ్బులు నగదుగా వచ్చి డీజిలుకు ఖర్చయిపోయి ఉంటాయి కూడా. కానీ ఏది ఏమిటో చెప్పే కాగితం లేదు. బాబాయి ఆ అంకె చూసి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "ఒక వాయిదా కట్టేవాణ్ణి గదరా" అన్నాడు.

ఈ జబ్బుకు డెస్క్‌టాప్ మందు పని చెయ్యదు. పిన్ని ముందున్న నోటు పుస్తకం బదులు కంప్యూటరు పెట్టినంత మాత్రాన చేలో ఉన్న డ్రైవరు చీటీ దానంతటది దాన్లోకి నడిచి రాదు. కూడికలు తప్పు పోవు, బాకీల పట్టిక నిమిషంలో వస్తుంది, నిజమే. కానీ రాయని పద్దును ఏ సాఫ్ట్‌వేరూ కూడలేదు. క్లౌడ్ అయితే డ్రైవరు ఫోన్లో నాలుగు గళ్ళు నింపి నొక్కగానే ఇక్కడ పిన్నికి కనబడుతుంది. చేను దగ్గరే రైతు ఫోనుకు బిల్లు పోతుంది. "నేను కోయించింది మూడు గంటలే" అనే వాదన ఉంటే అక్కడే, రైతూ డ్రైవరూ ఎదురెదురుగా ఉన్నప్పుడే తేలిపోతుంది. నాలుగు నెలల తర్వాత బాబాయి బాకీ వసూలుకు వెళ్ళినప్పుడు తేలనక్కర్లేదు.

అయితే చేలో సిగ్నలు ఉంటుందా? ఇది నవ్వులాట ప్రశ్న కాదు. కొన్ని సాఫ్ట్‌వేర్ల ఫోను యాప్‌లు సిగ్నలు లేనప్పుడు పద్దును తమలో దాచుకుని, సిగ్నలు అందగానే పంపిస్తాయి. కొన్ని తెల్లమొహం వేస్తాయి. అమ్మేవాడి మాట నమ్మనవసరం లేదు, పరీక్ష చాలా సులువు. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒక పద్దు రాయండి. యాప్ మూసి మళ్ళీ తెరవండి. పద్దు ఉన్నదా? ఫ్లైట్ మోడ్ తీసెయ్యండి. రెండో ఫోన్లో అది కనబడిందా, అదీ ఒక్కసారే కనబడిందా? ఒక్కోసారి ఒకే పద్దు రెండుసార్లు పడే ప్రమాదం ఉంటుంది. ఈ పరీక్ష తప్పిన యాప్‌ను ఉచితంగా ఇచ్చినా పల్లెటూరి పనికి తీసుకోరాదు.

సిగ్నలు అందకపోవడం ఒక ఎత్తు, అసలు ఇంటర్నెట్టే ఆపెయ్యడం మరో ఎత్తు. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు విషయమై అల్లర్లు జరిగాక కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ నిలిపివేశారు. లెక్కలన్నీ క్లౌడ్‌లోనే ఉన్నవాడికి అలాంటి రోజుల్లో తన పుస్తకం తనకే కనబడదు. ఇది విని డెస్క్‌టాప్ పక్షం వాళ్ళు సంతోషించవచ్చు. కానీ 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వంటి పేటల్లో ఇళ్ళూ దుకాణాలూ రోజులకొద్దీ నీళ్ళలో నానిన సంగతీ మనకు తెలుసు. బల్ల కింద కంప్యూటరు, బల్ల సొరుగులో దాని నకలు ఉన్న పెన్‌డ్రైవు - రెండూ ఒకే నీళ్ళలో మునిగితే డెస్క్‌టాప్ వాడికి మిగిలేదేముంది? వరద దాకా ఎందుకు, హార్డ్ డిస్కు పోవడానికి ముహూర్తం అక్కర్లేదు. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. పోలీసులకే తప్పనిది మన టెంటు హౌసువాడిని వదులుతుందా?

కాబట్టి ఒకచోటే ఉన్న పుస్తకం ఎక్కడున్నా ప్రమాదమే. ముందు చెప్పిన మిరప టిక్కీ సంగతి ఇక్కడ గుర్తు తెచ్చుకోండి. డెస్క్‌టాప్ వాడేవాడు వారానికొక నకలు తీసి వేరే ఇంట్లో, కుదిరితే వేరే ఊళ్ళో ఉంచాలి. క్లౌడ్ వాడేవాడు నెలకొకసారి ఖాతాలన్నీ దించుకుని తన పెన్‌డ్రైవులో పెట్టుకోవాలి. తీసిన నకలు అప్పుడప్పుడు తెరిచి చూడటం కూడా అవసరమే. తెరుచుకోని నకలు తాళంచెవి పోయిన బీరువాతో సమానం.

క్లౌడ్ వాళ్ళు నకలు దించుకోవాలనడానికి మరో గట్టి కారణం ఉన్నది. కోల్డ్ స్టోరేజీ యజమాని వ్యాపారం మానేస్తే? ఇది ఊహ కాదు. అమెరికా కంపెనీ ఇంట్యూట్ వారి క్విక్‌బుక్స్ లెక్కల సాఫ్ట్‌వేరుగా ఎంతో పేరున్నది. మన దేశంలో కూడా ఎందరో వాడారు. ఆ కంపెనీ 2023 ఆరంభంలో ఇండియాలో ఆ సేవ ఆపేసింది. ముందుగానే చెప్పింది, లెక్కలు దించుకోవడానికి గడువూ ఇచ్చింది. అయినా సాఫీగా సాగుతున్న సంసారాన్ని ఎత్తి మరో ఇంట్లో దించుకోవలసి వచ్చిందిగదా! డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేరుకు శాశ్వత లైసెన్సు కొనుక్కున్నవాడికి ఈ బాధ తక్కువ. కంపెనీ మాయమైనా కంప్యూటరు బతికున్నంతకాలం పాత పుస్తకం తెరుచుకుంటుంది. అంచేత కొనేముందు అమ్మేవాణ్ణి "నేను మానేసే రోజున నా లెక్కలు ఏ రూపంలో నా చేతికిస్తావు?" అని అడగాలి. ఖాతాలు ఎక్సెల్‌లో వస్తాయా, బిల్లుల నకళ్ళు వస్తాయా, డబ్బు కట్టడం ఆగాక ఎన్నాళ్ళు చూడనిస్తారు? పెళ్ళి చూపుల్లో విడాకుల మాట లాగా ఉన్నా, అడగక తప్పదు.

ఖరీదు సంగతి కొందరు ముందే అడుగుతారు, నేను కావాలనే వెనక్కి నెట్టాను. ఊరికే లెక్క కోసం అనుకుందాం: డెస్క్‌టాప్‌కు మొదటి ఏడు 24,000, రెండో ఏటి నుంచి ఏడాదికి 5,000. క్లౌడ్‌కు నెలకు 750, అంటే ఏడాదికి 9,000. నాలుగేళ్ళకు మొదటిది 39,000, రెండోది 36,000. ఐదేళ్ళకు 44,000, 45,000. అంటే ఐదో ఏట డెస్క్‌టాప్ చవక అవుతుంది. దానికి కావలసిన కంప్యూటరు, ఇన్వర్టరు ధర కలిపితే ఇంకా ఆలస్యం అవుతుంది. మీ ఊళ్ళో అసలు ధరలు వేసి ఇలాగే లెక్క కట్టుకోండి. కట్టాక వచ్చే తేడాను ఆ 69,000 పక్కన పెట్టి చూడండి. ఐదేళ్ళలో వెయ్యో రెండువేలో మిగలడం కోసం చీటీలు జారిపోయే పద్ధతిని ఎంచుకోవడం, గింజలు ఒలికిపోతుంటే గోనె ధర బేరమాడటం వంటిది.

పన్ను గురించి కామర్సు మిత్రులు నాకంటే బాగా చెప్తారు. ఒక్క మాట మాత్రం చెప్పి తప్పుకుంటాను. వరికోత, నూర్పిడి, వ్యవసాయ యంత్రాల అద్దె వంటి సేవలకు జి.ఎస్.టి. మినహాయింపు ఉన్నది. అవి మాత్రమే చేసేవాడు రిజిస్టరు కానక్కర్లేదు. కానీ అదే మనిషి ఒక పొక్లెయిన్ కొని రోడ్డు కాంట్రాక్టరుకు అద్దెకిస్తే అది పన్ను పడే సేవ. అప్పుడు మన రాష్ట్రాల్లో సేవలకున్న 20 లక్షల పరిమితిని లెక్క కట్టేటప్పుడు మినహాయింపు ఉన్న కోత ఆదాయం కూడా కలుపుతారు. కోత మీద 18 లక్షలు, పొక్లెయిన్ మీద 3 లక్షలు వస్తే మొత్తం 21 అయింది, రిజిస్టరు కావాలి. అంచేత ఏ సాఫ్ట్‌వేరయినా ఈ రెండు ఆదాయాలనూ విడివిడి ఖాతాల్లో చూపగలగాలి. రిజిస్టరైనవాడు లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి కూడా. ఆరేళ్ళన్నమాట. క్లౌడ్ చందా మధ్యలో ఆపేసేవాళ్ళు ఇది మరవకూడదు.

ఇంకో చిక్కు మనుషులది. పది చేతులు రాసే పుస్తకంలో ఎవరు ఏం చూడాలనే ప్రశ్న వస్తుంది. డ్రైవరుకు తన చీటీలే కనబడాలి గాని ఇంటి అప్పులు కనబడనక్కర్లేదు. ఒకే పాస్‌వర్డు అందరికీ ఇవ్వడం ఇంటి తాళంచెవి గుమ్మానికి వేలాడదీయడం వంటిదే. పద్దు దిద్దితే ఎవరు ఎప్పుడు దిద్దారో చెరిపెయ్యడానికి వీల్లేకుండా నమోదు చేసే సాఫ్ట్‌వేరే వాడాలని 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలకు నిబంధన ఉన్నది. మా బాబాయిది కంపెనీ కాదు, ఆ నిబంధన ఆయనకు వర్తించదు. అయినా అన్నదమ్ములు కలిసి మిషను కొన్నచోట ఆ సదుపాయం ఉంటే సంక్రాంతి నాటి పంచాయితీలు సగం తగ్గుతాయి.

ట్యాలీ వంటి డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేరునే అద్దె కంప్యూటర్లో పెట్టి ఇంటర్నెట్ ద్వారా వాడే మధ్యేమార్గం కూడా ఒకటున్నది. ఆడిటరు ఆఫీసుకు అది బాగానే ఉంటుంది. చేలో నిలబడి చిన్న ఫోను మీద ఆ తెర చూస్తూ పద్దు రాయాలంటే మాత్రం కళ్ళజోడు కావాలి.

ఇంతకూ ఎవరికేది? ఒకే కుర్చీ, ఒకే గుమాస్తా, పని వచ్చి మన గుమ్మంలోనే జరిగే వ్యాపారం - వైండింగు షాపు వంటిది - అయితే డెస్క్‌టాప్ హాయి. ఒక్క మిషను పెట్టుకుని తానే నడుపుకునేవాడికి నిజానికి రెండూ అక్కర్లేదు. మంచి నోటు పుస్తకం, ప్రతి రాత్రీ పది నిమిషాలు చాలు. పని నాలుగుచోట్ల జరిగి, రాసేవాళ్ళు ఇద్దరికి మించితే క్లౌడే సరి, నెల నెలా నకలు దించుకునే షరతు మీద. మా ఇంట్లో ఈ మూడోదే తేలింది. పిన్ని మొదట ఒప్పుకోలేదు. "నా పుస్తకం ఎవడి ఇంట్లోనో పెడతానంటావేంట్రా" అన్నది. నకలు దించి కంప్యూటర్లో తెరిచి చూపించాక, "అయితే సరే, ఆ దించే పని మాత్రం నేనే చేస్తా" అని నేర్చుకుంది.

మారదల్చుకున్నవాళ్ళు సీజను మధ్యలో మారవద్దు. కోత మిషన్లవాళ్ళకు దాళ్వా అయిపోయి సార్వా కోతలు మొదలయ్యే లోపల బోలెడు ఖాళీ. ఆ ఖాళీలో పాత బాకీలన్నీ రైతు పేరు, ఊరు, తేదీతో కొత్త ఖాతాల్లోకి ఎక్కించి, మొత్తం పాత పుస్తకం మొత్తంతో పైసాతో సహా కలిసిందాకా కూడుకోవాలి. ఆ తర్వాత కోతల్లో మొదటి పదిహేను రోజులు పుస్తకం, ఫోను రెండూ రాయాలి. డ్రైవర్లు విసుక్కుంటారు, రాయించాల్సిందే. అవర్ మీటరు అంకె రోజూ ఉదయం ఒక ఫోటో తీసి పంపమంటే, తేడా సీజను చివర కాక ఆ సాయంత్రమే పట్టుబడుతుంది. పాత నోటు పుస్తకాలు మాత్రం అటకెక్కించినా పారెయ్యకండి. బాకీ ఉన్న రైతుల సంతకాలున్నవి వాటిలోనే.